నెరిడా బండి తాగే పెట్రోలు

ఆల్విన్ పాస్కో అబద్ధం చెప్పి వస్తువు అమ్మే మనిషి కాడు. ఏది అమ్మినా ముందు దాని లోపం చెబుతాడు, తర్వాతే ధర చెబుతాడు. ఎర్ర మోటారుసైకిలు అమ్మకానికి పెట్టినప్పుడూ అంతే. ఊరి కొట్టు గోడ మీద అంటించిన కాగితంలో బండి వయసు కంటే ముందే రాశాడు: తొంభై ఎనిమిది ఆక్టేన్ పెట్రోలు మాత్రమే పొయ్యాలి, అది మన ఊళ్ళో దొరకదు.

ఆ కాగితం చూసే కిర్రా డన్‌స్టన్ వచ్చింది. బిర్రాలి ఆసుపత్రికి ఈ వేసవిలోనే వచ్చిన నర్సు. పొడుగు మనిషి, తొందర మనిషి. షెడ్డులోకి వస్తూనే బండి చుట్టూ తిరిగింది, గొలుసు వేలితో ఆడించి చూసింది, తాళంచెవి అడిగి పెట్రోలు ట్యాంకు మూత తీసింది. మూత లోపలివైపు పట్టిన దుమ్మును బొటనవేలితో తుడిచింది.

"ఇక్కడ తొంభై ఒకటి చాలు అని ఉందే" అంది.

"అది తయారుచేసినవాళ్ళు అంటించిన చీటీ. వాడిన మనిషికి తెలుస్తుంది బండి సంగతి."

"మీరు వాడారా?"

"నా భార్య వాడింది."

నెరిడా పోయి నాలుగు నెలలు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలిసినట్టే నర్సుకీ తెలుసు. గొంతు తగ్గించింది కానీ మాట ఆపలేదు. నిన్న ఊరి బంకులో అడిగిందట, ఫలానా బండి కొంటున్నా, నా కోసం తొంభై ఎనిమిది తెప్పిస్తారా అని. అక్కడున్న ఇద్దరు మగాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారట. ఒకాయన శుభ్రంగా ఉన్న పంపునే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడట.

"ఆవిడ తొంభై ఎనిమిది అని ఎందుకన్నారో మరి" అంది కిర్రా, మూత బిగిస్తూ.

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఆల్విన్‌కు తేలికగా ఉండేది, రెండు మాటలని పంపేసేవాడు. ఈవారం అమ్మడం లేదు, వచ్చే శుక్రవారం రమ్మన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు.

ఆమె వెళ్ళాక మూత తానే తీసి చూశాడు. అక్షరాలు వెలిసిపోయాయి, అంకె మాత్రం వెలవలేదు. తొంభై ఒకటి.

బిర్రాలిలో పెట్రోలు ఎక్కడ పోయించుకుంటావన్నది చిన్న సంగతి కాదు. పాత బంకు యజమాని దుకాణం ఎత్తేసి పోయినప్పుడు ఊరంతా వాటాలు వేసుకుని ఆ బంకు కొన్నారు. వంతులవారీగా ఊరివాళ్ళే కూర్చుని నడుపుతారు. అక్కడ ఉన్నవి రెండే రకాలు, డీజిలూ తొంభై ఒకటీ. అది మూతపడితే ఊరూ మూతపడుతుందని అందరి భయం. అందుకని పక్క ఊళ్ళో ట్యాంకు నింపుకొచ్చినవాడితో ఫుట్‌బాలు మైదానంలో ఎవరూ పక్కన కూర్చోరు. తిట్టరు. పక్కన కూర్చోరు, అంతే.

ఆల్విన్ ఆ బంకులో చుక్క కూడా పోయించుకోలేదు. వాటాల మీటింగు జరిగిన రోజున, కొత్త ట్యాంకూ పైపులూ నేను బిగిస్తానని లేచి నిలబడ్డాడు. బతుకంతా గాలిమరలూ నీటి పంపులూ బాగుచేసిన మనిషి. అధ్యక్షుడి కుర్చీలో ఉన్న రాస్ ట్రెగిల్గస్ నవ్వుతూ, "గొర్రెలు తాగే నీళ్ళయితే నీకే ఇచ్చేవాళ్ళం ఆల్విన్, ఇది పెట్రోలు" అన్నాడు. హాలంతా నవ్వింది. పని బయటివాళ్ళకి పోయింది. ఆల్విన్ ఇంటికొచ్చి, ఈ ఇంట్లోవాళ్ళెవరూ ఆ బంకు గడప తొక్కడానికి వీల్లేదన్నాడు. ఇంట్లో ఉన్నది తనూ నెరిడా. తన ట్రక్కుకి డీజిలు కోర్వెల్ నుంచి పీపాల్లో తెచ్చుకున్నాడు. ఎందుకో ఊరికి తెలుసు. అతని నుంచి అంతకంటే మంచి ఎవరూ ఆశించలేదు.

నెరిడా సంగతి వేరు. ఆమెకు ఊరు కావాలి. మంటలార్పే దళానికి రేడియో దగ్గర కూర్చునేది ఆమె, ఆడపిల్లల నెట్‌బాలు ఆటకి స్కోరు రాసేది ఆమె. మీటింగైన కొన్నాళ్ళకే ఒకరోజు భోజనాల దగ్గర చెప్పింది, నా బండికి తొంభై ఒకటి పడటం లేదు, లోపల కొట్టుకుంటోంది, ఇకమీదట కోర్వెల్ వెళ్ళి తొంభై ఎనిమిది పోయించుకొస్తాను అని. ఊళ్ళోనూ అదే చెప్పింది. అప్పటినుంచి ప్రతి గురువారం ఉదయం హెల్మెట్టు పెట్టుకుని బయల్దేరేది. మధ్యాహ్నానికి తిరిగొచ్చేది.

ఖర్చెక్కువని ఆల్విన్ సణిగాడు. లోలోపల మాత్రం గర్వంగానే ఉండేది. ఒకసారి హోటల్లో బీరు తాగుతూ, రాస్ వినేలాగే అన్నాడు, మీ బంకులో దొరికే సరుకుని నా భార్య బండి వాసన కూడా చూడదు అని. రాస్ నోరెత్తలేదు. మిగతావాళ్ళు తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు. ఆ రోజు తానే గెలిచాననుకున్నాడు.

ఇప్పుడు మూత చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. చీటీ నిజమైతే నెరిడా మాట అబద్ధం. నెరిడా మాట అబద్ధమైతే గురువారాలు ఏమిటి? కోర్వెల్లో ఏముంది? ఎవరున్నారు?

చనిపోయిన మనిషిని అడగలేడు. బండినే అడగాలి.

కోర్వెల్ మెకానిక్ ఎన్జో బెర్టోలీకీ ఆల్విన్‌కీ పాత పరిచయం. ట్రక్కు మీద బండిని ఎక్కించుకుని అతని దగ్గరికి పోయాడు. అసలు సంగతి చెప్పలేదు. అమ్మబోతున్నా, ఏ పెట్రోలు కావాలో ఖాయంగా చెప్పాలి అన్నాడు. ఎన్జో చేతులు తుడుచుకుని, ఎవరెప్పుడడుగుతారా అని ఎదురుచూస్తున్నవాడిలా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అంకె పెద్దదైతే బలం ఎక్కువని అనుకుంటారు జనం. బలం కాదయ్యా, ఓర్పు. సిలిండర్లో పిస్టను పైకొచ్చి పెట్రోలు ఆవిరిని నొక్కుతుంది. నొక్కితే వేడెక్కుతుంది. ఓర్పు లేని పెట్రోలు నిప్పురవ్వ రాకముందే తనంతట తాను భగ్గుమంటుంది. అదే ఆ టకటక. ఓర్పున్నది రవ్వ వచ్చేదాకా ఆగుతుంది. ఎంత గట్టిగా నొక్కే ఇంజనైతే అంత ఓర్పున్న పెట్రోలు కావాలి."

"మరి ఇది?"

"ఇదా? మెత్తగా నొక్కే ఇంజను. తొంభై ఒకటి చాలు. తొంభై ఎనిమిది పోస్తే చెడిపోదు, బాగుపడదు. డబ్బు దండగ."

ఆల్విన్ మొహం చూసి ఎన్జో కాస్త మెత్తబడ్డాడు. ఒక్క సంగతుంది అన్నాడు. పాతబడిన ఇంజన్లో మసి పేరుకుంటుంది. పేరుకున్న కొద్దీ లోపల చోటు తగ్గుతుంది, నొక్కుడు పెరుగుతుంది. అప్పుడు చీటీ మీద ఏమున్నా బండి ఓర్పున్న పెట్రోలే అడుగుతుంది. నీ బండి అలాంటిదేమో తెలియాలంటే చీటీ చదివి లాభం లేదు, చెవితో వినాలి. బరువు పెట్టు, ఎండలో ఎత్తెక్కించు, పెద్ద గేర్లోనే ఉంచి నిండా యాక్సిలరేటర్ తిప్పు. డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు వినపడితే తొంభై ఒకటి పడనట్టే.

ఆల్విన్‌కు ఊపిరి తిరిగింది. నెరిడా కూడా అదే అంది కదా, లోపల కొట్టుకుంటోందని. ఎన్జో దగ్గరే తాజా తొంభై ఒకటి ఒక డబ్బా కొన్నాడు. బిర్రాలి బంకు గడప తొక్కకుండానే పరీక్ష అయిపోతుంది.

బిర్రాలి చుట్టూ నేలంతా బల్లపరుపు, గోధుమ పొలాలు. ఎత్తంటూ ఉన్నది ఒక్కటే, పాత రాళ్ళ క్వారీకి పోయే దారి. మర్నాడు ఎడారి మీదుగా ఉత్తరపు వేడిగాలి కొడుతోంది. అంతకంటే మంచి రోజు దొరకదనుకున్నాడు. బండి వెనక సీటు మీద సిమెంటు బస్తా కట్టాడు. ముందు ట్యాంకులో ఉన్న పెట్రోలుతోనే వెళ్ళాడు. అది నెరిడా చివరి గురువారం పోయించుకొచ్చింది. నాలుగు నెలల పాతదైనా తొంభై ఎనిమిది తొంభై ఎనిమిదే కదా అనుకున్నాడు. దాంతో ఎలా పోతుందో తెలిస్తేనే తేడా తెలుస్తుంది.

బండి మూలుగుతూ ఎత్తెక్కింది. తల ట్యాంకు మీదికి వంచి విన్నాడు. గొలుసు చప్పుడు, గాలి చప్పుడు. టకటక లేదు.

ఇంటికొచ్చి ట్యాంకు కింద గొట్టం ఊడదీసి ఉన్నదంతా దించాడు. పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. నెరిడా ఆప్రికాట్ జాముకి వాడే గాజు సీసాలోకి కొంత పట్టి బల్ల మీద పెట్టాడు. ఎన్జో ఇచ్చిన డబ్బాలోంచి ఇంకో సీసాలో కొంచెం పోసి పక్కన పెట్టి చూశాడు. వాసన వేరు. పాతది కాస్త జిడ్డు వాసన. రంగు మాత్రం ఒకటే. వేరు రకాలకి వేరు రంగు కలుపుతారని ఎప్పుడో విన్నాడు. దానికేముందిలే అనుకుని కొత్తది ట్యాంకులో పోశాడు.

రెండోసారి ఇంకా గట్టిగా ఏడిపించాడు బండిని. ఎత్తు మధ్యలో వేగం తగ్గించి, గేరు మార్చకుండా, పిడి నిండా తిప్పాడు. బండి వణికింది. గులకరాళ్ళ చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. ఎప్పుడో ఎక్కడో ఒకచోట టక్కుమంటే చాలు, ఇంటికి పోయి హాయిగా అన్నం తినొచ్చు. దిగి మళ్ళీ ఎక్కాడు. ఇంకో బస్తా కట్టి ఎక్కాడు. క్వారీ దగ్గర మేస్తున్న గొర్రెలు తలెత్తి చూసి, ఇతనితో పనిలేదన్నట్టు మళ్ళీ మేతలో పడ్డాయి.

ఇంజను ఒక్కసారి కూడా కొట్టుకోలేదు. మొదటిసారికీ రెండోసారికీ వెంట్రుకవాసి తేడా లేదు.

బండి ఆపి రాతి మీద కూర్చున్నాడు. ఎంత బాగా నడిచిందో అంత అసహ్యమేసింది దాని మీద.

గురువారం ఉదయం నెరిడా బయల్దేరే వేళకే బయల్దేరాడు. ఆమె హెల్మెట్టు తనకి పట్టదు, తనది పెట్టుకున్నాడు. కోర్వెల్ దారి అతనికి కొత్త కాదు కానీ ట్రక్కులో పోవడం వేరు. బండి మీద ఎదురుగాలి గుండెల మీద చెయ్యేసి వెనక్కి తోస్తుంది. ధాన్యం లారీ ఎదురొస్తే ఎగిరే పొట్టు కళ్ళల్లో పడుతుంది. చలికాలంలో ఈ దారి ఎలా ఉంటుందో తలుచుకున్నాడు. ఒక మగవాడి కోసమైతే ఆడది ఇంత దూరం పోతుందేమో. పెట్రోలు కోసం పోదు. ఈ ముక్క అనుకోగానే వేగం పెంచాడు.

కోర్వెల్ మొదట్లోనే బంకు. లోపల బల్ల వెనక గ్లెనిస్ అనే పెద్దావిడ కూర్చుంటుంది. వచ్చిన ప్రతివాడినీ బంగారం అని పిలుస్తుంది. ఆల్విన్ డీజిలు తెచ్చుకునేది ఊరికి అటు చివర, లారీల బంకులో. అందుకని అతన్ని ఆమె ఎరగదు. బండిని మాత్రం ఎరుగును. అతను బండి నిలబెడుతుండగానే లోపలినుంచి బయటికి వచ్చింది.

"నెరిడా బండి కదూ ఇది" అంది. చెయ్యి సీటు మీద వేసింది. "పోయిందని విన్నా. గురువారం వచ్చిందంటే ఇప్పటికీ రోడ్డు వైపు చూస్తా."

ఆల్విన్ హెల్మెట్టు తియ్యలేదు. "ఆవిడ ఏ పైపు తీసి పోసుకునేది?"

"ఆ చివరిది. తొంభై ఒకటి."

"తొంభై ఎనిమిది కాదా?"

"ఈ బండికి తొంభై ఎనిమిదెందుకు బంగారం? ఒక్కసారీ పొయ్యలేదు."

ఆల్విన్‌కు షెడ్డు బల్ల మీద పెట్టిన రెండు సీసాలూ కళ్ళ ముందు కదిలాయి. రంగు ఒకటే. మొదటిసారి ఎత్తెక్కించినదీ తొంభై ఒకటే, రెండోసారి ఎక్కించినదీ తొంభై ఒకటే. అది మసి పట్టిన ఇంజనూ కాదు, అలిగిన ఇంజనూ కాదు.

"పోసుకుని ఎటు వెళ్ళేది?" అడిగాడు.

"ఎటు వెళ్తుంది? మాంసం కూరిన రొట్టె ఒకటి కొనుక్కుని ఆ బల్ల మీద కూర్చుని తినేది. తిని వెనక్కి పోయేది."

"ఎవరూ వచ్చేవాళ్ళు కాదా?"

"ఎందుకు రారు? మా కుక్క వచ్చేది, అంచు ముక్క కోసం."

గ్లెనిస్ నవ్వబోయి, అతను నిలబడ్డ తీరు చూసి ఆగింది. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చింది. తనూ మొదట్లో ఏదో ఉందనే అనుకుందట. ఒక చలికాలం, వానలో తడిసి వేళ్ళు నీలంగా మారి వచ్చిందట నెరిడా. టీ చేతికిచ్చి అడిగేసిందట, మీ ఊళ్ళో ఇదే పెట్రోలు ఉండగా నీకిదేం ఖర్మ అని.

"అప్పుడు చెప్పింది. 'మా ఊళ్ళో పోయించుకుంటే ఇంట్లో ఆయన మాట పోతుంది. ఊరికే మానేస్తే ఊళ్ళో ఆయన్ని ఇంకా తిట్టుకుంటారు, పెళ్ళాన్ని కూడా పోనివ్వడు చూడు అని. అందుకని తప్పు బండి మీద వేశా గ్లెనిస్, అదేమీ అనుకోదు' అంది. నేనన్నా, మూత తీస్తే ఎవరికైనా కనపడుతుంది కదే అని. 'కనపడే ఉంటుంది, వాళ్ళేమీ అడగరు, నేనేమీ చెప్పను' అంది."

ఆమె ఆగి అతన్ని తేరిపార చూసింది. "నువ్వు ఆయనవేనా?"

ఆల్విన్ బండి ఎక్కాడు. పెట్రోలు పోయించుకోకుండానే తిప్పాడు. ఎన్జో డబ్బా పెట్రోలులో సగం క్వారీ ఎత్తే తాగేసింది. మిగిలినది ఇంటిదాకా వస్తుందో రాదో తెలియదు.

దారి పొడుగునా కోపమే. ముందు నెరిడా మీద. ఒక్క మాట చెప్పొచ్చు కదా. చెబితే తానేం చేసేవాడో గుర్తొచ్చింది. అరిచేవాడు. ఆ తర్వాత వారంపాటు మాట్లాడేవాడు కాదు. చెప్పకపోవడమే తెలివి. ఆ తెలివి మీదా కోపం వచ్చింది. తర్వాత ఊరి మీద. మంటలార్పే దళం షెడ్డు ముందు, తాళంచెవి దానికే వదిలేసి, ఆ బండి ఎన్నేళ్ళు నిలబడలేదు? ఎవడో ఒకడు మూత తియ్యకుండా ఉంటాడా? హోటల్లో తాను గొప్పలు పోతుంటే గ్లాసుల్లోకి చూసుకున్నది ఓడిపోయి కాదు. ఆమె మొహం చూసి ఊరుకున్నారు. తనకి దక్కిన ఆ ఒక్క గెలుపూ నెరిడా అడుక్కొచ్చి పెట్టినది. ఆమెనీ క్షమించలేకపోయాడు, వాళ్ళనీ క్షమించలేకపోయాడు. కోపం తన మీదికి తిరిగే వంతు వచ్చేసరికి బిర్రాలి గోధుమ గోదాములు కనపడ్డాయి.

ఊరి మొదట్లో బండి దగ్గడం మొదలుపెట్టింది. ట్యాంకు కింద ఉన్న మీటను రిజర్వు వైపు తిప్పాడు. ఇల్లు చేరడానికి అది చాలు. ఇంటివైపు మలుపు వచ్చింది. మలుపు తిరగలేదు.

ఊరి బంకులో ఆ రోజు వంతు రాస్ ట్రెగిల్గస్‌దే. గొడుగు కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముసలివాడైపోయాడు. మెడ సన్నబడింది. బండి చప్పుడికి తలెత్తాడు, ముందు బండిని చూశాడు, తర్వాత మనిషిని. లేచి వచ్చి పంపు పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ మాట్లాడుకుని ఏళ్ళు దాటాయి. నెరిడా అంత్యక్రియలకి వచ్చినప్పుడు కూడా రాస్ టోపీ తీశాడే కానీ మాట్లాడలేదు.

ఆల్విన్ ట్యాంకు మూత తీసి, చీటీ ఉన్నవైపు అరచేతిలోకి తిప్పి పట్టుకున్నాడు.

"ఇక్కడ తొంభై ఒకటే ఉంది ఆల్విన్" అన్నాడు రాస్.

"తెలుసు."

"నెరిడా బండికి అది పడదు కదా."

ఆ మొహంలో వెక్కిరింపు కోసం ఆల్విన్ వెతికాడు. దొరికితే మూత బిగించి వెళ్ళిపోదామనుకున్నాడు. దొరకలేదు. రాస్ ఆమె మాటని ఆమె వదిలిపెట్టిన చోటే నిలబెట్టి ఉంచాడు, అంతే. ఇక దాన్ని పడగొట్టాలో వద్దో ఆల్విన్ చేతిలో ఉంది.

అబద్ధం చెప్పి వస్తువు అమ్మని మనిషి మూత మీద గుప్పిట బిగించాడు.

"పడదు. తొంభై ఎనిమిదే కావాలి దానికి. కోర్వెల్ దాకా పోయే ఓపిక నాకు లేదు. ఇవాళ్టికి సర్దుకుంటుంది."

"సర్దుకుంటుందిలే" అన్నాడు రాస్. "మంచి బండి."

పైపు తీసి ఆల్విన్ చేతికిచ్చాడు. ట్యాంకు నిండేదాకా ఇద్దరూ అంకెల వైపు చూస్తూ నిలబడ్డారు. అంచు మీద ఒలికిన చుక్కని రాస్ గుడ్డతో తుడిచాడు. ఆల్విన్ డబ్బు ఇచ్చాడు. గొర్రెలు తాగే నీళ్ళ మాట అతను మర్చిపోలేదు. మర్చిపోయే ఉద్దేశమూ లేదు. చెయ్యి కలపకుండానే వెళ్ళిపోయాడు.

శుక్రవారం కిర్రా వచ్చింది. బండి తుడిచి పెట్టి ఉంది. ట్యాంకు నిండా ఉంది.

"ఎక్కడైనా పోయించుకో, తొంభై ఒకటి చాలు" అన్నాడు ఆల్విన్. "ఊరి బంకులోనే పోయించుకో."

"మరి తొంభై ఎనిమిది అన్నారు?"

"నెరిడా ఉన్నప్పుడు తొంభై ఎనిమిదే తాగేది. ఎవరైనా అడిగితే అదే చెప్పు."

కిర్రా మూత వైపు చూసింది, అతని వైపు చూసింది. "అది నిజమేనా?"

"బండి కావాలా వద్దా?" అన్నాడు ఆల్విన్, తాళంచెవి చాపి.